మా జమానల ఏడ్వనీకి గూడ టైముండె

పొద్దుగాల లేచి పండ్లు తోముకోకముందే నా ఫోను టింగుటింగుమంటది. మా మనుమడు నన్ను లోకంల ఉన్న గ్రూపులన్నిట్ల కలిపి పెట్టిండు. ఊరోళ్ల గ్రూపు, కులపోళ్ల గ్రూపు, రిటైరయినోళ్ల గ్రూపు, చుట్టాల గ్రూపు. అన్నిట్ల ఒక్కటే కథ. పొద్దు పొడుస్తున్న బొమ్మ, దాని కింద రోజా పువ్వు, దాని కింద బతుకు గురించి నాలుగు ముక్కలు. ప్రేమంటే ఇచ్చుడట, తీసుకునుడు కాదట. పోయినోళ్లు యాడికి పోలేదట, మన గుండెల్నే ఉన్నరట. ఉన్నన్నొద్దులు అర్థమున్న బతుకు బతకాల్నట. పంపినోడు ఎవడా అని చూస్తే, కన్నతండ్రికి ఇంత బువ్వ పెట్టనీకి తమ్మునితోని నెలల వంతు పంచుకున్న పెద్దమనిషి.

మా జమానల గిసొంటి మాటలు బడి గోడకు రాసి ఉంటుండె. సారు అడిగితే అప్పజెప్పాలె, తప్పితే తొడపాశం పెడుతుండె. ఇప్పుడు ఎవడు ఎవనికి అప్పజెప్పే పనే లేదు. ముందటికి తోస్తే సాలు, ఆనాటికి ధర్మం జేసినట్టే.

నాది చిట్కుల్. పటాన్‌చెరు మండలం, సంగారెడ్డి జిల్లా. 2016 దసరా దాంక మాది మెదక్ జిల్లా. ముంబై రోడ్డు మీద ఇస్నాపూర్ చౌరస్తా కాడ దిగితే మా ఊరు పక్కనే. నేను పోరగాన్ని ఉన్నప్పుడు ఈ దిక్కంత జొన్న, కంది, చెరువు కింద వరి. అటు రామచంద్రాపురంల 60లల్ల బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972ల పటాన్‌చెరుల ఇక్రిశాట్ వచ్చింది. ఆ వెనుక వరుసగ కంపిన్లు లేసినయ్. 1980ల ఇందిరమ్మ మెదక్ నుంచి గెలిచినంక ఇంక జోరందుకున్నది. ఎకరాలు పోయినయ్, గేట్లు వచ్చినయ్. నేను గూడ నాగలి ఇడిసిపెట్టి ఒక కంపినీ గేట్ల దూరిన. అండ్లనే తల నెరిసింది. పాత లోకం చూసిన, కొత్త లోకం చూసిన. సణిగే హక్కు నాకు పూరాగ ఉన్నది. సణగనియ్యుండ్రి.

ముందుగాల ప్రేమ ముచ్చట.

మా జమానల ఆ మాట టాకీసుల్నే ఇనబడుతుండె. ఇంట్ల ఎవడన్న అంటే వానికి గాలి సోకిందని దిష్టి తీస్తుండిరి. నా పెండ్లికి మా బాపు పిల్లను చూడనీకి పోలే, పిల్ల తండ్రి బాయిల నీళ్లు చూడనీకి పోయిండు. ఎండకాలంల గూడ ఊట ఉన్నది, సంబంధం మంచిదే అన్నడు. నేను ఆమె మొఖం చూసింది పెండ్లి పీటల మీదనే. అది గూడ బాసింగం అడ్డమొచ్చి సగమే.

మొగడు పెండ్లాలు ఒకరి పేరు ఒకరు ఎత్తద్దు. ఎత్తితే ఆయుష్షు తగ్గుతదనేది. నన్ను బువ్వకు పిలవాల్నంటే మా ఇంటామె "ఓ పెద్దోడా, మీ బాపును రమ్మను" అని కేకేస్తుండె. పెద్దోడు ఆడ ఉండకపోయేది, యాడనో గోలీలాడుకుంటుండె. నేనేమో ఆమె పక్కనే గోడకు ఒరిగి బీడీ కాలుస్తుంటి. నేను ఆమెకు ఎప్పుడు "పెద్దోని బాపు", ఆమె నాకు "ఏమే". అంతకు మించి మా నడుమ ఇంకో పిలుపు లేదు.

సెకండ్ షిఫ్టు ఉంటే ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటిపోయేది. పెద్దరోడ్డు మీద లారీలు చెవులకు తాకుకుంట పోతుంటే నేను సైకిల్ తొక్కుకుంట వస్తుంటి. ఊళ్లకు మలిగినంక నా సైకిల్ చైను కిర్రుకిర్రుమనేది. ఆ సప్పుడు ఇని మా ఇంటామె తలుపు తీసేది. "చైనుకు ఇంత నూనె పెట్టించుకోరాదయ్యా, పిల్లలు లేస్తున్నరు" అని పక్కింటోళ్లు ఎన్నిసార్లు తిట్టినా నేను పెట్టలే. నూనె పెడితే నేనొచ్చిన సంగతి ఆమెకు ఎట్ల తెలుస్తది? పొయ్యి మీద పెంక, పెంక మీద జొన్నరొట్టె ఎచ్చగ ఉంటుండె. పక్కకు ఎల్లిపాయ కారం. నేను తిన్నంకనే ఆమె తినేది. నువ్వంటే ఇష్టమని ఆమె ఒక్కనాడు అనలే, నేను అనలే. అనకుంటనే బతుకంత గడిచిపోయింది.

ఇప్పుడు? మొన్న మా చెరువు కట్ట కాడికి ఒక కారు వచ్చింది. అండ్లకెల్లి ఒక పిల్ల, ఒక పిలగాడు, ఇద్దరు కెమెరావోళ్లు, ఒక డ్రోను దిగినయ్. పెండ్లికి ముందుగాలనే ఫోటోలట, ప్రీ వెడ్డింగ్ షూటట. మా చెరువు ఫోటోల మంచిగనే కనబడుతది. వాసన ఫోటోల రాదు గద! ఆ పిల్ల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నది, పిలగాడు దస్తీ పెట్టుకున్నడు. కెమెరాయన "రెడీ" అనంగనే ఇద్దరు చేతులు తీసి ఒకరి కండ్లల్ల ఒకరు చూసుకొని నవ్వుతరు. "ఓకే" అనంగనే మల్ల ముక్కులు మూసుకుంటరు. నేను కట్ట మీద కూసోని చానసేపు చూసిన. పెండ్లయినంక గిట్లనే కాపురం చెయ్యి కొడుకా, అసలు సంసారమంటే గిదే అని చెప్దామనుకున్న. డ్రోను సప్పుడుల నా మాట ఎవడింటడు?

అయితే ఉన్నమాట చెప్పాలె. నా మనుమడు పెండ్లాన్ని నలుగురి ముందట పేరు పెట్టి పిలుస్తడు. ఆమె గూడ వాన్ని పేరు పెట్టి పిలుస్తది. వాడు అంట్లు తోముతడు, పిల్లకు డైపరు మారుస్తడు. మొదట్ల నాకు కడుపుల మండేది. మా జమానల మొగోడు చెంబెడు నీళ్లు ముంచుకుంటే ఊరంత నవ్వుతుండె. కని ఆ జమానల తాగొచ్చి కొట్టేటోళ్లు గూడ మా వాడకట్టుల్నే ఉండిరి. ఆ ఆడోళ్ల ఏడుపు పొయ్యి పొగలనే కలిసిపోయేది, అడిగినోడు లేడు. కండ్లెందుకు ఎర్రగైనయే అంటే పచ్చి కట్టెలు అనేటోళ్లు. ఈ ముచ్చట ఇడిసిపెట్టి మా జమానే బంగారమంటే నా నాలుక మీద పుండు లేస్తది. ప్రేమ సంగతిల ఇప్పటోళ్లకు పది మార్కులకు ఏడు ఇస్త. డ్రోనుకు మూడు కోసిన.

ఇగ పోగొట్టుకునుడు ముచ్చట. ఈడ మాత్రం నేను మార్కులియ్య.

మా జమానల ఊళ్ల ఒక సావు అయితే, ఆ పీనుగ లేసేదాంక వాడకట్టుల పొయ్యి అంటుకోకపోయేది. నాగండ్లు ఆగేటియి. అంగడికి బయలెల్లినోడు వెనుకకు మర్లేటోడు. ఆడోళ్లు సావింట్ల కూసోని ఏడుస్తుంటే అది ఒట్టి ఏడుపు కాదు. పోయినామె ఏ కాన్పుల ఎంత గోస పడ్డది, ఏ కరువుల ఎవరింటికి పోయి తవ్వెడు జొన్నలు బదులు తెచ్చింది, ఏ ఎడ్డుకు ఏ పేరు పెట్టుకున్నది, అంత ఆ శోకంల చెప్పుకుంట ఏడుస్తుండిరి. ఇననీకి వచ్చినోడికి ఆ మనిషి బతుకంత ఎరుకయ్యేది. చదువు రాని ముసలమ్మ చరిత్ర గూడ ఆనాడు ఊరందరి ముందట ఒకసారి చదివినట్టయ్యేది. ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దని చుట్టాలు గంపల బువ్వ వండుకొని తెస్తుండిరి. మూడోనాడు పిట్టకు పెడుతుండిరి. కాకి ముట్టకపోతే, చిన్నదాని పెండ్లి చేస్తమని ఒకరు, అప్పు కడుతమని ఒకరు చెయ్యెత్తి మాటిచ్చేది. ఆ మాట గట్టు మీద ఉన్న అందరు ఇనేది. మల్ల తప్పనీకి రాకపోయేది.

దీనిల గూడ కుళ్లున్నది. అందరి సావులకు డప్పు కొట్టినోళ్ల సావుకు ఊరంత కదలకపోయేది. వాళ్లు మోసింది వెట్టి, వాళ్ల బొందల గడ్డ వేరే దిక్కు. అన్ని కులాలు ఆనాడు ఒక్కటయ్యేటియని ఎవడన్న అంటే నమ్మకుండ్రి. నేను చూసిన, కాలే. కని ఏడుపుకు ఎవరి వాడల వాళ్లకు టైముండె. అది మాత్రం నిజం.

ఇప్పుడు ఊరూరికి వైకుంఠధామం కట్టిండ్రు, పల్లె ప్రగతిల. షెడ్డున్నది, నల్లా ఉన్నది, తానాలకు అర్రలున్నయ్. మంచిదే, ముసురువానల గూడ పని ఆగది. ఫ్రీజర్ డబ్బా కిరాయికి దొరుకుతది. డల్లాసుల ఉన్న కొడుకు వీడియో కాల్ల తల్లి మొఖం చూసుకుంటడు. దానికి నేను ఏమనను, రాలేనోని కండ్లకు అదన్న దక్కనీ. నా కోపం ఈడ ఉన్నోళ్ల మీద. సావింటి గేటు కాడ బైకు ఆపుతరు, దిగరు. హెల్మెట్టు తియ్యరు. "అన్నా, బి షిఫ్టున్నది" అని చెయ్యెత్తి పోతరు. గ్రూపుల ఆర్ఐపీ అని మూడక్షరాలు కొడుతరు. మూడక్షరాలు గూడ బరువైనోడు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెడుతడు. పది దినాలు అయిదాయె, అయిదు మూడాయె. ఎందుకంటే లీవు లేదు. కన్నీళ్లకు గూడ హెచ్చార్ సంతకం కావాలె.

మా ఇంటామె పోయి కొన్నేండ్లయింది. షుగరు ముదిరి కిడ్నీల మీద పడ్డది. అప్పటి ముచ్చట ఒక్కటి చెప్పాలె.

పాడె ఎత్తినంక కాటికి పోయే తొవ్వల ఒక జాగల దించుతరు. దింపుడు కల్లం అంటరు, మీకు ఎరుకే. ఆడ దగ్గరోళ్లు పోయినోళ్ల చెవు కాడికి వంగి మూడుసార్లు పిలుస్తరు. పానం యాడన్న మూలకు తట్టుకొని ఉంటే పలుకుతదేమోనని. ఆ కొంచెంసేపు డప్పు ఆగుతది, శోకం ఆగుతది. వచ్చిన మందంత ఊపిరి బిగబట్టి నిలబడుతరు. పలకదని అందరికి ఎరుకే. అయినా నిలబడుతరు.

పెద్దోడు వంగి "అవ్వా" అని పిలిచిండు. బిడ్డ పిలిచింది. కులం పెద్ద ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, నువ్వు గూడ పిలువు అన్నడు. ఏమని పిలువాలె? ఏమే అని పిలిస్తే పలుకుతదా? అప్పుడు ఆమె పేరు పెట్టి పిలిచిన. పెండ్లయిన సంది ఆ పేరు నా నోట్లకెల్లి ఎల్లలే. నా గొంతు నాకే ఎవనిదో అనిపించింది. మూడుసార్లు పిలిచిన. పలకలే. పలికుంటే ముందుగాల నన్ను తిట్టేది, ఇంతమంది ముందట పేరెత్తుతవా సిగ్గులేనోడా అని.

ఆనాటి సంది నాకు ఒక పిచ్చి పట్టుకున్నది. యాడ సావు అయినా, ఈ మనిషిని పేరు పెట్టి పిలిచినోళ్లు ఉండిరా అని అడుగుత. మా ఇంటోళ్లు ముసలాయనకు మతి తప్పింది అనుకుంటరు. అనుకోనియ్యుండ్రి.

2025 జూన్ 30, సోమవారం. పొద్దుగాల తొమ్మిదిన్నర ప్రాంతం. మా పక్కన పాశమైలారంల సిగాచి ఇండస్ట్రీస్‌ల పేలుడయింది. మందుగోలీలల్ల కలిపే తెల్ల పొడి అండ్ల తయారయితది. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అని పేరు, కట్టె గుజ్జుకెల్లి తీస్తరు. ఆ పొడి ఎండబెట్టే కాడనే పేలింది. బిల్డింగు కూలిపోయింది. 46 మంది పోయిండ్రు. ఇంకో 8 మంది జాడనే దొరకలే. గుర్తు పట్టనీకి ఏం మిగలలేదని తేల్చి, వాళ్లను గూడ పోయినోళ్లల్లనే కలిపిండ్రు. మొత్తం 54. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ దిక్కోళ్లు అండ్ల చానమంది.

వాళ్ల తండ్రులు, అన్నలు, పెండ్లాలు రైళ్లెక్కి వచ్చిండ్రు. డీఎన్ఏ పరీక్షకు రక్తమిచ్చిండ్రు. గేటు కాడ, దవాఖాన కాడ, ఆఫీసు కాడ దినాల తరబడి కూసున్నరు. మనది కాని భాషల అడుగుతనే ఉన్నరు. చేతిల ఫోను, ఫోన్ల ఫోటో. కంపినీ ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. కోటి సంగతి తరువాత, మా పిలగాని బొమికన్న ఇయ్యుండ్రి అని ఏడ్చినోళ్లు ఉన్నరు. ఆ ఎనిమిది మందికి పాడె లేదు, దింపుడు కల్లం లేదు. చెవే లేనప్పుడు యాడ వంగి పిలుస్తరు?

ఆ ఏడు పెత్రమాస నాడు నేను మా పెద్దల పేర్ల మీద బియ్యమిచ్చిన. మా బాపు పేరు, మా అవ్వ పేరు, మా ఇంటామె పేరు. అయినంక ఇంకో దోసెడు పోసిన. ఇది ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగిండు. పేరు తెల్వదయ్యా, పాశమైలారం గేట్లకెల్లి బయటికి రానోళ్ల పేరు మీద అన్న. గోత్రం అడిగిండు. గోత్రం గూడ తెల్వదన్న. ఆయన కాసేపు ఆగి, కానీ అని నీళ్లు ఇడిసిండు.

ఇప్పుడు మా ఊళ్ల గల్లీ గల్లీకి కిరాయి రూములు. నాకు గూడ ఉన్నయ్, దాపెట్టేదేముంది. ఒక్కో రూముల నలుగురైదుగురు పోరగాండ్లు. ఇద్దరు పనికి పోతే ఇద్దరు పండుకుంటరు. పరుపు సల్లబడే యాళ్ల ఉండదు. 2025 దాంక నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించద్దన్నది. ఈ పోరగాండ్లు పొద్దున ఏడింటికి పోయి రాత్రి ఏడింటికి వస్తరు. ఓటీ అంటరు, ఓటీ లేకపోతే ఇంటికి పైసలు పంపనీకి ఎల్లదంటరు. ఓనర్లమంత ఆధార్ జిరాక్సు తీసుకొని బీరువల పెట్టుకుంటం. కిరాయి ఒకటో తారీకు, కరెంటు బిల్లు వేరే. వాని ఇంట్ల ఎవరున్నరు, ఏమన్న అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలె అని అడిగే ఓనరు నూటికొక్కడు దొరకడు. వాడు కంపినీల టోకెన్ నంబరు, మా కాడ రూము నంబరు, కాంట్రాక్టర్ చిట్టిల ఒక గీత. మా జమానల ఊళ్లకు కొత్త మనిషి వస్తే అరుగు మీద ముసలోళ్లు తాతముత్తాతల దాంక అడిగి పానం తీస్తుండిరి. ఎంత యాష్టకొస్తుండెనో! ఇప్పుడు అనిపిస్తది, ఆ ముసలోళ్లు చేసింది మస్టరు పనేనని.

నా రూములల్ల ఒక ఒడిశా పిలగాడు ఉంటడు, గంజాం దిక్కోడు. డ్యూటీ దిగి వచ్చి, ఫోను అన్నం గిన్నెకు ఆనిచ్చి పెట్టి, పెండ్లాంతోని మాట్లాడుకుంట తింటడు. ఆమె గూడ ఆడ పళ్లెం ముందట పెట్టుకొని కూసుంటది. వీడు ముద్ద పెట్టుకున్నంకనే ఆమె ముద్ద పెట్టుకుంటది. ఒకనాడు నెట్టు రాలే. ఆమె తిన్నదో లేదో అని వాడు చాన రాత్రి దాంక మెట్ల మీదనే కూసున్నడు. నా సైకిల్ చైను ముచ్చట వానికి హిందీల చెప్పనీకి చూసిన. సగం అర్థమైనట్టున్నది, నవ్విండు. ఫోనును నేను రోజు తిడుత. ఆనాడు మాత్రం తిట్టలే.

మా మనుమడు ఒకనాడు ఫోన్ల చదివి చెప్పిండు. తాతా, అమెరికాల హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1938 సంది కొందరి బతుకులను పట్టుకొని చూస్తనే ఉన్నరట. పైసలు కాదు, పేరు కాదు, దగ్గరి మనుషులు ఉన్నోడే సుఖంగ, ఆరోగ్యంగ ఉంటడని తేల్చిండ్రట. నేనన్న, ఎనభై ఏండ్లు ఎందుకురా, మా అవ్వను అడిగితే నాట్లేసుకుంటనే చెప్పేది గద! వాడు ఇంకోటి చదివిండు. ఇంగ్లండుల 2018ల ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టిండ్రట. మా ఊళ్ల ఆ శాఖ అరుగు మీద ముసలోళ్ల చేతిల ఉండె, జీతం లేకుంట. ఇప్పుడు ఆ అరుగులు కొట్టేసి మడిగెలు కట్టిండ్రు.

అర్థమున్న బతుకు అంటే ఏందో చెప్పనీకి నాకు గ్రూపు సూక్తులు అక్కరలేదు. మా పటాన్‌చెరుల్నే చూసిన. కంపిన్ల నీళ్లు నక్కవాగుల కలిసి, వాగు కింది పొలాలు పండకుంట పోయినప్పుడు, చెరువులల్ల చేపలు తెల్లగ తేలినప్పుడు, దవాఖాన పెట్టుకున్న డాక్టర్ కిషన్‌రావు సారు రోగాలు ఏడికెల్లి వస్తున్నయో ఎతుకుకుంట పోయిండు. హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ పురుషోత్తమరెడ్డి సారు తోడొచ్చిండు. 1990ల ఆ గోస సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆడికెల్లి 2001ల హైకోర్టుకు, మల్ల గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారుకుంట, 2017ల తీర్పు వచ్చింది. ఇరవై ఏడేండ్లు! ఈ నడుమ 2007ల స్వీడన్ సైంటిస్టులు పటాన్‌చెరు శుద్ధి ప్లాంటుకెల్లి బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేసిండ్రు. సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాంక ఉన్నదన్నరు. మా జమానల జరమొస్తే మందుకు పైసలుండకపోయేటియి. ఇప్పుడు జరం లేకున్నా వాగులనే మందు పారుతున్నది, అభివృద్ధి గాకపోతే మరేంది!

ఆ డాక్టర్ సారుకు ఈ కొట్లాటల ఏం మిగిలింది? మందులు రాసుకుంట, నాలుగు ప్లాట్లు కొనుక్కొని సల్లగ ఉండొచ్చు. ఉండలే. ఎవని పొలమో, ఎవని చేపలో, ఎవని పిల్లల దగ్గో తనది అనుకున్నడు. నాకు తెలిసిన అర్థం గంతే. నీది కాని గోసకు నీ పని ఆపి నిలబడుడు. మా ఊరు సావుకు నాగలి ఆపినా, ఆ సారు వాగు కోసం కోర్టుకు పోయినా, ఒడిశా పిలగాని పెండ్లాం వాని కోసం ముద్ద ఆపినా, అంత ఒక్కటే పని.

మా జమానల అది ఊరు చేయించేది, చెయ్యకపోతే నలుగురు తిడుతుండిరి కాబట్టి మంచోడు, చెడ్డోడు అందరు చేస్తుండిరి. ఇప్పుడు తిట్టేటోడు లేడు. చెయ్యాల్నంటే ఎవరికి వాళ్లు మనసుల అనుకొని చెయ్యాలె. గందుకే ఇప్పటోళ్లు చేస్తే దానికి మాకంటే ఎక్కువ విలువ. చెయ్యకపోతే మాత్రం ఇంకెవరు చెయ్యరు.

సణుగుడు అయిపోయింది. పోయే ముందట నాలుగు మాటలు చెప్త, పాటిస్తే పాటించుండ్రి.

రూములు కిరాయికిచ్చే ఓనర్లు, ఆధార్ జిరాక్సు ఒక్కటే సాలదు. ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. పోరగాని పేరు, వాని ఊరు, ఇంటికాడి ఫోన్ నంబరు రాయుండ్రి. రాసేటప్పుడు వాని పేరు సరిగ్గ పలుకుడు నేర్చుకోండ్రి. అయిదు నిమిషాల పని. నేను మొదలుపెట్టిన, నా చేతులేం అరిగిపోలే.

కంపిన్లు నడిపేటోళ్లు, గేటు లోపల ఏ నిమిషంల ఎవరెవరున్నరో పేరు పేరున గేటు బయట రాసి ఉంచుండ్రి. కాంట్రాక్టోడైనా, ఒక్కనాటి కూలైనా. లోపల అగ్గి పుడితే లిస్టు గూడ లోపలనే కాలిపోవద్దు.

షిఫ్టులకు ఉరికే పోరగాండ్లు, సావింటికి పోతే బైకుకు స్టాండు వెయ్యుండ్రి. హెల్మెట్టు తీసి, ఫోన్ జేబుల పెట్టి, ఒక గడియ కింద కూసోండ్రి. ఏం మాట్లాడకపోయినా సరే. ఒక్కనాటి హాజరు పోతే పోనియ్యుండ్రి.

ఇంకొకటి, ఇది నా తోటి ముసలోళ్లకు. ఆయుష్షు తగ్గుతదని పెండ్లాం పేరు ఎత్తకుంట ఉన్నోళ్లు ఇంకా మీ వాడకట్టుల్ల ఎవరన్న ఉంటే, ఈ రాత్రే బువ్వకు కూసున్నప్పుడు పేరు పెట్టి పిలువుండ్రి. తిడుతది, అయినా పిలువుండ్రి. ఇప్పుడైతే పలుకుతది.